ఫ్రాకింగ్ గ్యాసు: బావిలో ఏం జరుగుతుంది, బోరుకి ఏమవుతుంది?

కావేరి డెల్టా గ్యాసు బావుల మీద గత సంచికలో వచ్చిన వ్యాసం చదివి చెన్నై పాఠకులు చాలా ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగింది ఫ్రాకింగ్ గురించే. అంటే నీళ్లను గట్టి ఒత్తిడితో బావిలోకి కొట్టి, లోపలి రాతిని పగలగొట్టి గ్యాసు తీయడం. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మన్నార్‌గుడిలో మీథేన్ ప్రాజెక్టు అన్నారు, నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ ప్రాజెక్టు అన్నారు, ఇప్పుడు షేల్ గ్యాస్ అంటున్నారు. ఇవన్నీ ఒకటేనా? అన్నిట్లోనూ ఫ్రాకింగ్ చేస్తారా?
— ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: పైకొచ్చే గ్యాసు అన్నిట్లోనూ ప్రధానంగా మీథేనే. అది ఏ రాతిలో ఉంది, ఎంత లోతులో ఉంది అన్నదాన్ని బట్టి పద్ధతీ మారుతుంది, ప్రమాదమూ మారుతుంది.

తిరువారూరు, కారైకాల్ వైపు గానీ మన కోనసీమలో గానీ దశాబ్దాలుగా ఉన్న ఓఎన్‌జీసీ బావులు చాలావరకు ఇసుకరాతిలోవి. ఆ రాతిలో సన్నటి ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి కాబట్టి బావి తవ్వితే గ్యాసు తనంతట తానే పైకొస్తుంది. షేల్ అలా కాదు. అది బురద గట్టిపడి పొరలుపొరలుగా ఏర్పడ్డ రాయి. గ్యాసు అందులోనే పుట్టి, కదిలే దారి లేక అందులోనే చిక్కుకుని ఉంటుంది. సాధారణంగా ఒకటిన్నర నుంచి 4 కిలోమీటర్ల లోతున ఉంటుంది. రాతిని పగలగొట్టనిదే చుక్క గ్యాసు రాదు. మూడోది బొగ్గుపొర మీథేన్. ఇది బొగ్గు మీద అతుక్కుని ఉంటుంది, నీటి ఒత్తిడి దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. ముందు ఆ నీటిని నెలల తరబడి తోడి పారబోస్తేనే గ్యాసు వదులుతుంది. లోతు కూడా తక్కువ, కొన్ని వందల మీటర్ల నుంచి కిలోమీటరు దాకా.

మన్నార్‌గుడిది ఈ మూడో రకం. అక్కడ కింద ఉన్నది లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు). 2010లో ఒప్పందం కుదిరితే, భూగర్భజలం అడుగంటుతుందని రైతులు ఎదురుతిరిగారు. సేంద్రియ వ్యవసాయ ఉద్యమకారుడు నమ్మాళ్వార్ 2013 డిసెంబరులో చనిపోయే నాటికి ఆ ప్రచారంలోనే ఉన్నారు. 2015లో రాష్ట్ర ప్రభుత్వం ప్రాజెక్టుకు తలుపులు మూసేసింది. 2017లో నెడువాసల్‌కు వచ్చింది మాత్రం అంతకుముందే కనుగొన్న చిన్న క్షేత్రాల పథకం. అయితే 2016 నాటి కొత్త విధానం ప్రకారం ఒకే లైసెన్సు మీద అన్ని రకాల హైడ్రోకార్బన్లూ తీసుకోవచ్చు. అందుకే జనం “ఇవాళ ఇది, రేపు షేల్” అని అనుమానించారు. ఆ అనుమానం నిరాధారం కాదు.

ఇక ఫ్రాకింగ్ అనేది గ్యాసు రకం పేరు కాదు, తీసే పద్ధతి. బిగుతుగా ఉన్న ఇసుకరాతిలో మామూలు బావులకు కూడా చేస్తారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని మండపేట ఇసుకరాయి అలాంటి బిగుతు రాయే. కాబట్టి ఎవరైనా ఫ్రాకింగ్ అనగానే “ఏ రాయి, ఎంత లోతు, ఎన్ని నీళ్లు?” అని అడగాలి.

ప్రశ్న: అసలు బావిలో వరుసగా ఏమేం చేస్తారో అంకెలతో సహా చెప్పగలరా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, గిండీ

జవాబు: అమెరికాలో షేల్ బావికి చేసే పద్ధతే ఇప్పుడు అన్నిచోట్లా నమూనా. దాన్నే చెబుతాం.

ముందు 5 నుంచి 7 ఎకరాలు చదును చేసి గట్టిపరుస్తారు. ఆ స్థలం నుంచే నాలుగైదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బావులు తవ్వుతారు. మొదట సుమారు 20 అంగుళాల గొట్టం దింపి పైమట్టి కూలకుండా ఆపుతారు. తర్వాత మంచినీటి పొరలన్నీ దాటేదాకా తవ్వి, సుమారు 13 అంగుళాల ఉక్కు గొట్టం (కేసింగ్) దింపుతారు. సిమెంటు పాలను కేసింగ్ లోపలి నుంచి కిందికి పంపితే అది అడుగున మలుపు తిరిగి, గొట్టానికీ రాతికీ మధ్య సందులో పైకి ఎక్కుతుంది. ఈ సిమెంటు నేలమట్టం దాకా రావాలి. రాకపోతే ఆ బావి పని అక్కడే ఆపాలి. ఆ లోపల 9 అంగుళాల పైచిలుకు కేసింగ్ ఇంకొకటి, దానికీ సిమెంటు. ఆ తర్వాత బావిని మెల్లగా వంచి, షేల్ పొరలో అడ్డంగా ఒకటి నుంచి 3 కిలోమీటర్లు తీసుకెళ్తారు. చివరిదాకా అయిదున్నర అంగుళాల గొట్టం వేసి మళ్లీ సిమెంటు చేస్తారు.

పగలగొట్టే పని అడ్డబావి కొసనుంచి మొదలవుతుంది. వైరు మీద పేలుడు గన్ను పంపి గొట్టానికి, సిమెంటుకు సుమారు సెంటీమీటరు వెడల్పు రంధ్రాలు చేస్తారు. 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొంచెం పంపి ఆ రంధ్రాల్లో చెత్తను కరిగిస్తారు. తర్వాత ఇసుక లేని నీళ్లు కొడతారు. రాయి పగిలేది వీటితోనే. పగులు తెరుచుకున్నాక సన్న ఇసుక, తర్వాత కాస్త ముతక ఇసుక. పంపు ఆగాక పగులు మూసుకుపోకుండా నిలబెట్టేది ఈ ఇసుకే. నిమిషానికి 13 వేల నుంచి 16 వేల లీటర్లు, నేలమట్టం దగ్గర 6 వేల నుంచి 10 వేల పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి. ఒక్కొక్కటి 2 వేల హార్స్‌పవర్ దాటిన పంపులు పదిహేను ఇరవై వరసగా ఆడతాయి. ఒక దశ అయ్యాక గొట్టంలో ప్లగ్గు బిగించి, సుమారు 60 మీటర్లు వెనక్కి వచ్చి మళ్లీ అదే పని. బావికి 20 నుంచి 50 దశలు. అన్నీ అయ్యాక ప్లగ్గులన్నీ తొలిచేసి బావి తెరుస్తారు. కొట్టిన నీళ్లలో కొంత ముందు వెనక్కి వస్తుంది, ఆ వెనకే గ్యాసు.

ఎక్కువగా తలెత్తే ఇబ్బంది ఇసుక ఇరుక్కుపోవడం. పగులు తగినంత వెడల్పు కాకముందే ఇసుక మోతాదు పెంచితే, అది రంధ్రాల దగ్గరే గట్టిగా పేరుకుని, ఒత్తిడి క్షణాల్లో నిలువుగా లేస్తుంది. వెంటనే పంపులు ఆపకపోతే పైన పైపులు పగులుతాయి. అందుకే ప్రతి దశ చివరా ఇసుక లేని నీళ్లతో గొట్టాన్ని కడుగుతారు.

పద్ధతి కొత్తదేం కాదు. 1947లో కాన్సస్‌లోని హ్యూగటన్ క్షేత్రంలో మొదటి ప్రయోగం జరిగింది, 1949 నుంచి వ్యాపారంగా సాగింది. కొత్తగా వచ్చింది జారుడు నీళ్లు (రాపిడి తగ్గించే రసాయనం కలిపిన నీళ్లు), అడ్డబావి కలిసిన పద్ధతి. టెక్సస్‌లోని బార్నెట్ షేల్‌లో జార్జి మిచెల్ కంపెనీ 1998 ప్రాంతంలో జారుడు నీళ్లతో ఫలితం సాధించాక దీనికి ఊపొచ్చింది.

ప్రశ్న: నీళ్లలో వందల రకాల విషాలు కలుపుతారని ఒకరూ, కూరగాయల జిగురు కలుపుతారని ఒకరూ అంటున్నారు. ఏది నిజం?
— ఒక గృహిణి, వేళచ్చేరి

జవాబు: రెండింట్లోనూ కొంత నిజముందండీ. ఆ కూరగాయ మన గోరుచిక్కుడే. గింజల కోసం రాజస్థాన్, హర్యానా, గుజరాత్‌లలో ‘గ్వార్’ పేరుతో పండించేది అదే జాతి పంట. గింజ పిండిని నీళ్లలో కలిపితే చిక్కటి జిగురవుతుంది, ఇసుక అడుక్కి దిగకుండా మోసుకుపోతుంది. ప్రపంచపు గ్వార్ పంటలో సింహభాగం మన దేశానిదే. అమెరికా బావుల గిరాకీతో 2012లో దాని ధర చుక్కలనంటింది. జిగురు గట్టిపడేందుకు బోరేట్, పని అయ్యాక పలచబడేందుకు పర్‌సల్ఫేట్ కలుపుతారు.

షేల్‌లో మాత్రం ఎక్కువగా జిగురుకు బదులు నీళ్లు గొట్టంలో రాపిడి లేకుండా జారేందుకు పాలీయాక్రిలమైడ్ వాడతారు. దానితో పాటు సూక్ష్మజీవులను చంపేందుకు గ్లూటరాల్డిహైడ్, గొట్టంలో ఉప్పు పెచ్చు కట్టకుండా ఒక రసాయనం, తుప్పు పట్టకుండా ఇంకొకటి. మొత్తంలో ఇవి అర శాతం నుంచి 2 శాతం. శాతం చిన్నదే గానీ, 2 కోట్ల లీటర్లలో అర శాతమంటే లక్ష లీటర్లు. అది కలపకముందు డ్రమ్ముల్లో, ట్యాంకర్లలో చిక్కగా ఉంటుంది. అప్పుడు ఒలికితేనే అసలు నష్టం. గ్లూటరాల్డిహైడ్ చిక్కగా ఉన్నప్పుడు ఊపిరితిత్తులకూ, చేపలకూ చాలా చెడ్డది. నిల్వ చేసే చోట కింద మందపాటి ప్లాస్టిక్ షీటు, చుట్టూ గట్టు, ఆ గట్టు లోపల పెద్ద ట్యాంకు మొత్తం పట్టేంత చోటు ఉన్నాయో లేదో చూడాలి. డెల్టాలో ఒక్క వానకే గట్లు నిండుతాయి కాబట్టి పైకప్పు కూడా ఉండాలి.

అమెరికాలో 2005 నాటి ఇంధన చట్టం ఫ్రాకింగ్‌ను తాగునీటి రక్షణ చట్టం పరిధి నుంచి తప్పించింది. ఏం కలుపుతున్నారో బయటపెట్టే జాబితా 2011లో గానీ మొదలు కాలేదు, అందులోనూ వ్యాపార రహస్యం పేరుతో కొన్ని దాచుకోవచ్చు. ఇది మనం ఇక్కడ దిగుమతి చేసుకోకూడని పద్ధతి.

ప్రశ్న: రెండు కిలోమీటర్ల కింద పగలగొడితే ఆ పగులు పైకి పాకి మన బోరుబావుల్లోకి గ్యాసు వస్తుందా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: లోతైన షేల్‌లో పగులే పైదాకా పాకడం చాలా అరుదు. భూకంపమాపకాలతో కొలిచి చూస్తే ఎక్కువ పగుళ్లు నూరూ రెండొందల మీటర్ల ఎత్తులోనే ఆగాయి. నమోదైనవాటిలో అతి ఎత్తైనది సుమారు 600 మీటర్లు. పైన కిలోమీటరున్నర రాయి ఉంటే అది బోరుని అందుకోదు.

కానీ పగులు రాకపోయినా గ్యాసు రాగలదు. దారి బావి పక్కనే ఉంటుంది, గొట్టానికీ రాతికీ మధ్య వేసిన సిమెంటులో. కారణాలు వరసగా చూడండి. గొట్టం బావి మధ్యలో లేకుండా ఒక పక్కకు ఆనుకుంటే అటువైపు సిమెంటు చేరదు. దీన్ని ఆపేందుకే గొట్టం చుట్టూ స్ప్రింగు పట్టీలు బిగిస్తారు. ఖర్చు తగ్గించాలనుకునేవాళ్లు మొదట తగ్గించేది ఈ పట్టీలనే. తవ్వేటప్పుడు వాడిన బురద పూర్తిగా కడగకపోతే సిమెంటు రాతిని పట్టుకోదు. సిమెంటు గడ్డకట్టే కొద్ది గంటల్లో దాని బరువు కిందికి ఒత్తడం తగ్గిపోతుంది. ఆ అదనులో మధ్య పొరల గ్యాసు దానిలోంచి సన్నటి కాలువ చేసుకుని పైకి పాకుతుంది. ఇవన్నీ దాటినా, నలభై దశల్లో నలభై సార్లు గొట్టం ఉబ్బి తగ్గితే సిమెంటు గొట్టం నుంచి వెంట్రుకవాసి విడిపోవచ్చు. గ్యాసుకు ఆ సందు చాలు.

2011లో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పెన్సిల్వేనియాలో గ్యాసు బావులకు కిలోమీటరు లోపున్న ఇళ్ల బోరు నీళ్లలో మీథేన్ ఎక్కువగా ఉందని చూపారు. ఫ్రాకింగ్ రసాయనాలు మాత్రం ఆ నీళ్లలో కనిపించలేదు. తప్పు పగులుది కాదు, బావి కట్టుబడిదని ఈ రెండూ కలిపి చూస్తే తెలుస్తుంది. 2016 డిసెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ కూడా కొన్ని పరిస్థితుల్లో తాగునీరు దెబ్బతింటుందనే తేల్చింది: ఒలకడం, నాసిరకం బావి, వ్యర్థజలాన్ని తేలిగ్గా వదిలేయడం, నీరు తక్కువున్న చోట తోడటం.

కాబట్టి కంపెనీని అడగాల్సిన కాగితాలు మూడు. సిమెంటు రాతినీ గొట్టాన్నీ ఎంత పట్టుకుందో చూపే బాండ్ లాగ్, ప్రతి కేసింగ్‌కూ చేసిన ఒత్తిడి పరీక్ష ఫలితం, కేసింగ్‌ల మధ్య సందుకు పెట్టిన గేజి రీడింగులు. ఆ గేజిలో ఒత్తిడి వదిలేసినా మళ్లీమళ్లీ పెరుగుతుంటే లోపల లీకు ఉన్నట్టే. అర కిలోమీటరు లోపు వదిలేసిన పాత బావి ఏదైనా ఉందేమో కూడా చూడాలి. కొత్త పగులు పాత బావిని తాకితే, సిమెంటు లేని ఆ పాత గొట్టమే గ్యాసుకు మెట్లదారి అవుతుంది. దశాబ్దాలుగా తవ్వుతున్న కావేరి, గోదావరి డెల్టాల్లో ఇది చిన్న విషయం కాదు.

తక్కువ లోతులో చేస్తే మాత్రం పై లెక్కలేవీ వర్తించవు. వయోమింగ్‌లోని పావిలియన్ దగ్గర కొన్ని వందల మీటర్ల లోతులోనే ఫ్రాకింగ్ చేశారు. ఊరి బోర్లకూ దానికీ మధ్య అడ్డురాయే సరిగా లేదు. బొగ్గుపొర మీథేన్‌కు ఎక్కువ జంకాల్సింది ఇందుకే.

ప్రశ్న: 2019 వేసవిలో చెంబరంబాక్కం ఎండిపోయి బిందెలు పట్టుకుని లారీల వెంట పరిగెత్తాం. అలాంటి రాష్ట్రంలో ఫ్రాకింగ్‌కు నీళ్లెక్కడివి? వాడిన నీళ్లేమవుతాయి?
— ఒక పాఠకురాలు, విల్లివాక్కం

జవాబు: ఒక అడ్డబావికి ఒకటిన్నర కోట్ల నుంచి 4 కోట్ల లీటర్లు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. మీకు తెలిసిన 9 వేల లీటర్ల లారీతో లెక్కేస్తే 2 కోట్ల లీటర్లంటే 2,200 లారీలు పైనే. అయినా నగరం లెక్కలో ఇది పెద్దది కాదు. వీరాణం నుంచి చెన్నైకి పూర్తిస్థాయిలో రోజుకు వచ్చేదే 18 కోట్ల లీటర్లు. ఇబ్బంది ఎక్కడంటే, ఆ నీళ్లన్నీ ఒక్క ఊరి దగ్గర, ఒకటి రెండు వారాల్లో కావాలి. మేట్టూరు తలుపులు జూన్ 12న ఎత్తుతారా లేదా అని కాలువ చివరి రైతు ఆకాశం వైపు చూసే రోజుల్లో అదే కాలువ నుంచి తోడితే ఊరుకుంటాడా? పైగా షేల్ బావి దిగుబడి మొదటి ఏడాదిలోనే సగానికి పైగా పడిపోతుంది. ఉత్పత్తి నిలబెట్టాలంటే కొత్త బావులు తవ్వుతూనే ఉండాలి. ఒక బావి లెక్క చూపి అనుమతి అడిగేవాళ్లు వందో బావి లెక్క కూడా చూపాలి.

వాడిన నీళ్ల సంగతి దీనికంటే కష్టమైంది. కొట్టినదాంట్లో 10 నుంచి 40 శాతం వెనక్కి వస్తుంది. మొదటి రోజుల్లో పలచగా, తర్వాత ఉప్పుగా. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటే, పెన్సిల్వేనియా మార్సెల్లస్ షేల్ నుంచి వచ్చిన నీటిలో 200 గ్రాములు దాటిన సందర్భాలున్నాయి. దానితో పాటు బేరియం, స్ట్రాన్షియం, బ్రోమైడ్, రాతిలో సహజంగా ఉండే రేడియం.

వదిలించుకునే దారులు కొన్నే. మొదటిది, వడగట్టి తర్వాతి బావికి వాడటం. ఇదే మంచిది, కానీ పక్కన ఇంకో బావి సిద్ధంగా ఉంటేనే కుదురుతుంది. రెండోది, లోతైన రాతిలోకి ఎక్కించడం. దాని సంగతి భూకంపాల ప్రశ్నలో చెప్తాం. మూడోది శుద్ధి. మన ఆర్‌ఓ యంత్రం లీటరుకు 70 గ్రాములు దాటిన ఉప్పు దగ్గర చేతులెత్తేస్తుంది. ఆపైన ఉడికించి ఆవిరి పట్టాల్సిందే, ఖర్చు తడిసి మోపెడవుతుంది. పెన్సిల్వేనియాలో మొదట్లో ఈ నీటిని మామూలు పట్టణ మురుగు ప్లాంట్లకు పంపారు. అవి ఉప్పును తీయలేవు కాబట్టి నదుల్లో బ్రోమైడ్ పెరిగింది. 2011లో రాష్ట్రం ఆపమని కోరింది, 2016లో కేంద్ర నిబంధనే వచ్చింది.

తమిళనాడుకు ఇది తెలియని పాఠం కాదు. తిరుప్పూరు రంగుల అద్దకం నీళ్లు నొయ్యల్‌ను, ఒరత్తుపాళయం డ్యామును ఏం చేశాయో చూశాం. 2011లో మద్రాసు హైకోర్టు యూనిట్లు మూయించాక, చుక్క నీరు బయటికి వదలని పద్ధతి వచ్చింది. నీళ్లు ఆగాయి గానీ, మిగిలిన కలగలుపు ఉప్పును గోదాముల్లో దాచాల్సి వస్తోంది. ఫ్రాకింగ్ నీటికి అదే పద్ధతి పెడతామంటే “ఉప్పు ఎక్కడ పెడతారు, అందులో రేడియం ఎంత?” అన్నది మొదటి ప్రశ్న కావాలి. నీళ్లను తెరిచిన గుంటల్లో నిలవబెట్టడం డెల్టాలో అసలే పనికిరాదు. ఈశాన్య రుతుపవనాల్లో ఒక్క తుపాను చాలు గుంటా పొలమూ ఏకం కావడానికి.

ప్రశ్న: డెల్టాను కాపాడే చట్టం వచ్చింది కదా, ఇంక భయం లేనట్టేనా?
— ఒక పాఠకుడు, కోడంబాక్కం

జవాబు: 2020 ఫిబ్రవరిలో వచ్చిన తమిళనాడు రక్షిత వ్యవసాయ మండల చట్టం తంజావూరు, తిరువారూరు, నాగపట్నం జిల్లాల్లో, కడలూరు, పుదుక్కోట జిల్లాల్లోని కొన్ని బ్లాకుల్లో కొత్తగా చమురు, సహజవాయువు, బొగ్గుపొర మీథేన్, షేల్ గ్యాస్ అన్వేషణనూ తవ్వకాన్నీ నిషేధించింది. అప్పటికే నడుస్తున్న బావులకు వర్తించదు. మొదటి ప్రకటనలో వినిపించిన తిరుచ్చి, కరూరు, అరియలూరు చట్టంలోకి రాలేదు. గోదావరి, కృష్ణా డెల్టాలకు ఇలాంటి రక్షణ లేదు. మా అభిప్రాయం అడిగితే, అక్కడా ఉండాలి.

ప్రశ్న: ఫ్రాకింగ్ వల్ల భూకంపాలు వస్తాయా?
— ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: వస్తాయి. ఎక్కువగా పగలగొట్టడం వల్ల కాదు, వ్యర్థజలాన్ని ఏళ్ల తరబడి లోతైన రాతిలోకి ఎక్కించడం వల్ల. ఒత్తిడి పెరిగిన నీరు పాత పగుళ్ల మధ్యకు చేరి, వాటిని బిగబట్టి ఉంచిన రాపిడిని తగ్గిస్తుంది. ఓక్లహోమాలో 2011లో ప్రేగ్ దగ్గర 5.7, 2016 సెప్టెంబరులో పానీ దగ్గర 5.8 తీవ్రతతో వచ్చినవి ఇలాంటివే. వాటిలో ఎక్కువ నీరు షేల్‌ది కూడా కాదు, మామూలు చమురుతో పాటు వచ్చిన ఉప్పునీరు. నేరుగా ఫ్రాకింగ్ వల్ల వచ్చినవీ ఉన్నాయి: ఇంగ్లండులో ప్రెస్టన్ న్యూ రోడ్ బావి దగ్గర 2019 ఆగస్టులో 2.9 నమోదైంది, ఆ నవంబరులో ప్రభుత్వం అక్కడ ఫ్రాకింగ్ ఆపేసింది. ఎక్కించే నీటి పరిమాణం, లోతు, పక్కనున్న పగుళ్ల పటం ముందే చూసి, చిన్న కదలికలు మొదలవగానే తగ్గిస్తే చాలావరకు ఆపవచ్చు.

ప్రశ్న: మా పక్కన బొగ్గు ప్లాంట్ల బూడిద ఇళ్లలో పడుతుంది. ఫ్రాకింగ్ గ్యాసైనా సరే, బొగ్గు కన్నా మేలే కదా?
— ఒక పాఠకురాలు, ఎన్నూరు

జవాబు: మీ ఊళ్లో కూర్చుని చూస్తే మేలే, అందులో సందేహం లేదు. గ్యాసు కాల్చితే బూడిద రాదు, గంధకపు పొగ, పాదరసం దాదాపు ఉండవు. కొసస్థలైయారు చిత్తడిలో పేరుకున్న బూడిద బురద గ్యాసు ప్లాంటు పక్కన ఉండదు. యూనిట్ కరెంటుకు వచ్చే కార్బన్ డయాక్సైడ్ కూడా బొగ్గుతో పోలిస్తే సుమారు సగం. అమెరికాలో 2005లో కరెంటులో సగం బొగ్గుదైతే, 2023 నాటికి అది 16 శాతానికి తగ్గింది. ఆ చోటులో ఎక్కువ భాగం ఆక్రమించింది షేల్ గ్యాసే. వాళ్ల గాలి శుభ్రపడింది. ఫ్రాకింగ్‌ను తిట్టేవాళ్లు కూడా ఒప్పుకోవాల్సిన మేలిది.

తూకం తప్పేది లీకు దగ్గర. కాలకుండా గాలిలో కలిసిన మీథేన్ ఇరవై ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా 80 రెట్లకు పైగా వేడి పట్టి ఉంచుతుంది. బావి నుంచి ప్లాంటు దాకా సుమారు 3 శాతం కారిపోతే, బొగ్గు మీద గ్యాసుకున్న వాతావరణపు మేలు ఆ ఇరవై ఏళ్లకూ పోయినట్టే. 2018లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన అమెరికాలో లీకు ఉత్పత్తిలో 2.3 శాతమని లెక్కగట్టింది. ప్రభుత్వ లెక్క కంటే ఇది 60 శాతం ఎక్కువ. కారేది గ్యాసు ఒత్తిడితో పనిచేసే వాల్వులు, ట్యాంకు మూతలు, కంప్రెసర్ సీళ్లు, ఆరిపోయిన మంట గొట్టాల నుంచి. మీథేన్ కంటికి కనపడదు, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకు కనపడుతుంది. మూణ్నెల్లకోసారి కెమెరాతో చుట్టి రావడం, వెనక్కి వచ్చే నీళ్లలోని గ్యాసును వదిలేయకుండా మూసిన సెపరేటర్‌లోకి పట్టడం, వాల్వులను గాలితోనో కరెంటుతోనో నడపడం — పరిష్కారాలు తెలిసినవే, చవకైనవే. చేయించేవాళ్లు కావాలి.

మన దేశంలో ఇంకో చిక్కుంది. ఇక్కడ గ్యాసు బొగ్గుకన్నా ఖరీదు. రాజమండ్రి పక్కన వేమగిరి లాంటి చోట్ల కట్టిన గ్యాసు ప్లాంట్లు గ్యాసు లేక ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నాయి. గ్యాసు దొరికితే ముందు వెళ్లేది ఎరువులకూ, నగరాల వంటిళ్లకూ, వాహనాలకూ. మణలిలోని మద్రాస్ ఫెర్టిలైజర్స్ 2019లో నాఫ్తా నుంచి గ్యాసుకు మారింది. అది మంచి మార్పే. కానీ మీ పక్కన బొగ్గు పొగగొట్టం ఆపేది డెల్టాలో తవ్విన షేల్ బావి అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రశ్న: మా ఫ్లాట్లకు పైపు గ్యాసు వచ్చింది. ఇది ఫ్రాకింగ్ గ్యాసా?
— ఒక పాఠకురాలు, అణ్ణానగర్

జవాబు: కొంత అయి ఉండవచ్చు. ఎన్నూరులో ఏటా 50 లక్షల టన్నుల సామర్థ్యమున్న ఎల్‌ఎన్‌జీ (చల్లార్చి ద్రవంగా మార్చిన గ్యాసు) టెర్మినల్ 2019 నుంచి నడుస్తోంది. మన దేశం 2018 నుంచి దీర్ఘకాల ఒప్పందాల మీద అమెరికా ఎల్‌ఎన్‌జీ కొంటోంది, అమెరికా గ్యాసులో నాలుగింట మూడొంతులు షేల్‌దే. పైపులో అన్ని గ్యాసులూ కలిసిపోతాయి కాబట్టి మీ పొయ్యిలో మండేది ఎవరిదో విడదీయలేం. గ్యాసును మైనస్ 162 డిగ్రీలకు చల్లార్చి, ఓడలో తెచ్చి, మళ్లీ వేడి చేసే దారిలోనే పదో వంతుకు దగ్గరగా ఖర్చవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా తమ్ముడికి సౌదీలో ఫ్రాక్ సిబ్బందిలో ఇసుక యంత్రం దగ్గర ఉద్యోగం వచ్చింది. పని ప్రమాదమా?
— ఒక పాఠకుడు, ఆవడి

జవాబు: ఆ ఇసుక దాదాపు శుద్ధ సిలికా. లారీ నుంచి బిన్నులోకి ఊదేటప్పుడు, బెల్టు మీంచి పడేటప్పుడు లేచే సన్నధూళి ఊపిరితిత్తుల అడుగుకు చేరితే సిలికోసిస్ వస్తుంది, అది నయం కాదు. అమెరికా కార్మిక ఆరోగ్య సంస్థలు 2012లో ప్రత్యేక హెచ్చరిక ఇచ్చాయి. కొన్ని నమూనాల్లో ధూళి పరిమితికి పది రెట్లు దాటింది. అంత ధూళిలో మామూలు గుడ్డ మాస్కు దండగ, సగం ముఖం కప్పే ఫిల్టరు మాస్కు కూడా చాలదు. మీ తమ్ముణ్ణి మూడు విషయాలు అడగమనండి: బిన్నుల మూతల మీద ధూళి లాగే వాక్యూమ్ ఉందా, ముఖమంతా కప్పే రెస్పిరేటర్ ఇస్తారా, చేరే ముందే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయిస్తారా. ఎక్స్‌రే కాపీ తన దగ్గర ఉంచుకోమనండి.

ప్రశ్న: అమలాపురం దగ్గర మా అత్తగారి ఊళ్లో గ్యాసు కోసం సర్వే చేస్తున్నారు. పసర్లపూడి, నగరం గుర్తొచ్చి భయంగా ఉంది. పొలం, బోరు ఉన్నవాళ్లం ముందుగా ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, టి. నగర్

జవాబు: 1995లో పసర్లపూడిలో జరిగింది బావి బ్లోఔట్ (గ్యాసు అదుపు తప్పి పైకి ఎగదన్నడం), రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో పేలింది పైపులైను. రెండూ ఫ్రాకింగ్ కావు. కానీ ఇళ్ల మధ్య, కొబ్బరితోటల మధ్య గ్యాసు పని చేస్తే తప్పుకు ఎంత మూల్యమో అవి చూపాయి. భయపడటం సహజం.

చట్టం సంగతి ముందు. నేల మీదే గానీ కింద ఉన్న చమురు, గ్యాసు మీద యజమానికి హక్కు లేదు. 1948 నాటి ఆయిల్‌ఫీల్డ్స్ చట్టాన్ని 2025లో సవరించి షేల్ గ్యాసునూ బొగ్గుపొర మీథేన్‌నూ స్పష్టంగా అందులో చేర్చారు. పైపులైనుకైతే 1962 చట్టం కింద భూమి మీది వాడుక హక్కు మాత్రమే తీసుకుంటారు, దానికి పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం, పంట నష్టం వేరుగా. 2020 జనవరి నుంచి అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని కేంద్రం మార్చింది. ఉత్పత్తి దశకు మాత్రం ఉంది. అంటే మీ మాట వినే వేదిక వచ్చేసరికి మొదటి బావి తవ్వేసి ఉంటారు. అందుకే పంచాయతీ తీర్మానం, కలెక్టరుకు రాతపూర్వక ప్రశ్నలు సర్వే దశలోనే ఇవ్వండి. ప్రశ్నలు ఇవి కావాలి: ఏ పొర, ఎంత లోతు, ఫ్రాకింగ్ ఉందా, ఎన్ని దశలు, నీళ్లెక్కడివి, వెనక్కొచ్చిన నీళ్లెక్కడికి, మంచినీటి పొర కింద ఎంత దాకా సిమెంటు.

అన్నిటికన్నా ముఖ్యమైంది మీ బోరు నీళ్ల ఇవాళ్టి లెక్క. రిగ్గు రాకముందు నీళ్లు ఎలా ఉన్నాయో కాగితం లేకపోతే, తర్వాత ఏం జరిగినా “ముందునుంచీ అంతే” అంటారు. కోనసీమలో ఆ మాట సులువుగా అనగలరు కూడా. సముద్రం, రొయ్యల చెరువుల వల్ల చాలా బోర్లు ఇప్పటికే ఉప్పు. పైగా పాత చిత్తడి నేల కాబట్టి లోతు తక్కువ బోర్లలో సహజ మీథేన్ కొంత ఉండనే ఉంటుంది.

పరీక్ష వేసవి చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించండి. ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబు మనిషే వచ్చి నమూనా తీయాలి. మోటారు 15 నిమిషాలు ఆడించాక, ట్యాంకు నుంచి కాకుండా బోరు గొట్టం నుంచే పట్టాలి. మీథేన్ కోసం తీసే సీసాలో గాలిబుడగ ఒక్కటీ మిగలకూడదు, ఐసు పెట్టెలో పంపాలి. బుడగ ఉంటే గ్యాసు అందులోకి చేరి ఫలితం తక్కువగా వస్తుంది. ఎక్కువ తప్పులు ఇక్కడే. పరీక్షించాల్సినవి: టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాలు), క్లోరైడ్, బ్రోమైడ్, బేరియం, స్ట్రాన్షియం, బెంజీన్ కుటుంబం, కరిగిన మీథేన్, ఈథేన్. సముద్రపు నీటిలో బేరియం చాలా తక్కువ. అందుచేత ఉప్పు పెరిగినప్పుడు దానితో పాటు బేరియం కూడా పెరిగితే సముద్రాన్ని వదిలి బావిని అనుమానించవచ్చు. తాగునీటికి మన ప్రమాణంలో బేరియం పరిమితి లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మీథేన్‌కు అమెరికాలో పాటించే హద్దు లీటరుకు 10 మిల్లీగ్రాములు. అది దాటితే గమనిస్తూ ఉండాలి, 28 దాటితే బోరు గదిలో, స్నానాల గదిలో గాలి ఆడేలా చేసి నిప్పు దూరం పెట్టాలి.

ఈథేన్ కనిపిస్తే అది లోతైన గ్యాసని దాదాపు చెప్పవచ్చు. చిత్తడి గ్యాసులో ఈథేన్ ఉండదనే అనుకోవచ్చు. ఇంకా గట్టి రుజువు కావాలంటే మీథేన్‌లోని కార్బన్-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) కొలిపించాలి. ఇది ఖరీదైన పరీక్ష, ప్రతి ఇల్లూ చేయించక్కర్లేదు. బావి స్థలానికి కిలోమీటరు లోపున్న నాలుగైదు బోర్లను పంచాయతీ ఎంచుకుని చందాలతో చేయించవచ్చు, లేదా అనుమతి షరతుగా కంపెనీ ఖర్చుతో చేయించమని పట్టుబట్టవచ్చు. కంపెనీ ఖర్చయినా ల్యాబును ఎంచుకునేది పంచాయతీ కావాలి, ఫలితాల అసలు ప్రతి నేరుగా పంచాయతీకే రావాలి.